రెండు వైపులా బటన్లు

మా ఆవిడ దర్జీ. కరెంటు పనికీ ఆవిడకీ ఆమడ దూరం. బల్బు మార్చాలన్నా నన్నే కేకేస్తుంది. అలాంటి మనిషి భోజనాల బల్ల మీద ఒక చెక్క పలక బోర్లించుకుని, నోట్లో గుండుసూదులకు బదులు వైరు క్లిప్పులు పెట్టుకుని కూర్చుంటే నాకెలా ఉంటుంది? బస్సు తోలి తోలి ఇంటికొచ్చినవాణ్ణి, కంచం ఒళ్ళో పెట్టుకుని తిన్నాను.

ఆ పలక గేమ్ మిషన్‌ది. నిలువెత్తు డబ్బా, దానికో తెర, తెర కింద ఇద్దరు పక్కపక్కన ఆడుకోవడానికి ఈ పలక. పూర్వం షాపుల్లో నాణెం వేసి ఆడేవాళ్ళే, అలాంటిది. డబ్బా మొత్తం ఆవిడే కోసింది, బిగించింది, రంగు కూడా వేసింది. "సోఫాలకు తొడుగులు కుట్టినదాన్ని, డబ్బా చెయ్యలేనా?" అంది. చేసింది కూడా. 

ఇదంతా తమ్ముడి కోసం. అంటే మా బావమరిది. వాడి మీసాల్లో తెల్ల వెంట్రుకలొచ్చినా ఆవిడకి ఇంకా చిట్టిగాడే. వాడు ప్రింటింగ్ ప్రెస్సులో మెకానిక్కు. కిందటేడు కుడిచెయ్యి మిషన్‌లో పడింది. చెయ్యి దక్కింది గానీ, వేళ్ళు ముడుచుకోవు, విడివిడిగా కదలవు. అసలే ముక్కు మీద కోపం. ఏదో పెళ్ళిలో ఒక పెద్దావిడ వాడి కంచంలో పండు ముక్కలు కోసి పెట్టి "అయ్యో నాయనా" అందట. అంతే, కంచం వదిలేసి లేచిపోయాడు. అప్పటినుంచి ఎవరి గడపా తొక్కలేదు, పనికీ పోవడం లేదు. అక్క ఫోన్ చేసినా "ఊ", "ఆ" తప్ప మాట లేదు. మా ఆవిడకి అదే బెంగ. సూదిలో దారం ఎక్కించి, కుట్టడం మరిచిపోయి కూర్చునేది.

చిన్నప్పుడు అక్కా తమ్ముడూ ఇలాంటి మిషన్ దగ్గరే పడి ఉండేవాళ్ళట. ఇప్పుడు అలాంటిదే చేస్తే, చూడ్డానికైనా వస్తాడని ఆవిడ ఆశ.

"మామూలుగా ఎడంచేత్తో జాయ్‌స్టిక్ పట్టుకుని, కుడిచేత్తో బటన్లు నొక్కుతారు," అంది. "వాడి కుడిచెయ్యి బటన్లు నొక్కలేదు. కానీ స్టిక్ పైన పెద్ద గుండు బిగిస్తే అరచేత్తో తొయ్యగలడు."

"అయితే బటన్లు ఎడమవైపుకి మార్చెయ్. దానికింత ఆలోచనెందుకు?"

నా వంక అదోలా చూసింది. "అలా చేస్తే రాగానే కనిపెట్టడూ? వాడి మీద జాలిపడ్డామని గుమ్మంలోంచే వెనక్కి పోతాడు. ఇంకోసారి రమ్మన్నా రాడు."

అందుకని స్టిక్ మధ్యలో పెట్టి, దానికి రెండు వైపులా బటన్లు పెట్టింది. ఎడమవైపు బటన్ నుంచీ కుడివైపు బటన్ నుంచీ వైర్లు ఒకేచోటికి పోతాయి. ఏది నొక్కినా పని ఒకటే. రెండో మనిషి ఆడేవైపు కూడా అచ్చం అలాగే. చూసినవాళ్ళు ఇదేదో కొత్త ఫ్యాషన్ అనుకోవాలి తప్ప, ఒక చెయ్యి కోసం చేసిందని తెలియకూడదు. ఆ బుర్రకి దండం పెట్టాలనిపించింది. పైకి మాత్రం టీ అడిగాను.

పని చూడాలి మీరు! ప్రతి వైరూ కుట్టుకి గుడ్డ వదిలినట్టు కాస్త ఎక్కువే కోసేది. కలిసి వెళ్ళే వైర్లను దారంతో జానెడుకో ముడి వేసి జడలా పోగుచేసేది. ఒక్క వైరు వేలాడదు, ఒక్కటి మెలికపడదు. స్టిక్కుల దగ్గరికొచ్చేసరికి సుద్దతో గుర్తులు పెట్టుకుంది. "పలక బోర్లిస్తే గుడ్డ తిరగేసినట్టేనండీ. కుడి ఎడమ మారతాయి. ఆ మాత్రం చూసుకోకపోతే నేనేం దర్జీని?" అంది. నేనూ తలూపాను.

అంతా బిగించాక, ఒకసారి ఆడి చూద్దామన్నాను. ఒంటికాలి మీద లేచింది. "మొదటి ఆట చిట్టిగాడిది. మీరు ముట్టుకున్నారంటే ఊరుకోను."

మిషన్ తయారైందని అక్క ఫోన్ చేస్తే, ఆదివారం వాడొచ్చాడు. కుడిచెయ్యి జేబులోనే ఉంది. డబ్బా చుట్టూ తిరిగాడు. కళ్ళు మెరిశాయి. స్టూలు లాక్కుని కూర్చుని, మెల్లగా జేబులోంచి చెయ్యి తీసి, అరచేత్తో గుండుని పైకి తోశాడు.

తెర మీద బొమ్మ కిందికి దిగింది. కుడికి తోస్తే ఎడమకి పోయింది.

మా ఆవిడ మొహం పాలిపోయింది. "కుడీ ఎడమా చూసుకునే పెట్టానురా!"

వాడు కాసేపు ఆలోచించి పకపకా నవ్వాడు. ఏడాది తర్వాత వాడి నవ్వు విన్నాం. "చీపురుని నడుం దగ్గర పట్టుకుని పై కొస అటు తొయ్యక్కా, కింది కొస ఎటు పోతుంది? ఇటే కదా! దీనికీ అంతే. పైకి తోస్తే లోపల కిందివైపు స్విచ్చి నొక్కుకుంటుంది. నువ్వు పైకి పోయే వైరు పై స్విచ్చికి ఇచ్చావు. తియ్, మారుద్దాం."

పలక ఎత్తి బోర్లించారు. వాడు ఎడంచేత్తో క్లిప్పులు లాగుతుంటే ఆవిడ వైర్లు పట్టుకుంది. ఉన్నట్టుండి వాడి చెయ్యి ఆగింది. జంట జంటగా వచ్చిన బటన్ల వైర్ల వెంట వేలు పోనిచ్చాడు.

"ఈ రెండో వరస ఎందుకక్కా?"

"ఫ్యాషన్‌రా! ఇప్పుడన్నీ ఇలాగే..." అని అందుకున్నాను.

"మీరుండండి," అంది మా ఆవిడ. "నీ కోసమేరా. ఎడంచేత్తో నొక్కుతావని ఇటు పెట్టాను. నీకు తెలియకూడదని అటు కూడా పెట్టాను. నువ్వు రాకపోతే నాకు ఏమీ తోచడం లేదు. కోపమొస్తే వెళ్ళిపో. కానీ ఈ వైర్లు మార్చి వెళ్ళు, నాకు రాదు."

వాడు గుమ్మం వైపు చూశాడు. నేనూ అటే చూశాను.

"వైర్లు భలే కట్టావక్కా. మా ప్రెస్సులో కూడా ఇలా ఎవరూ కట్టరు," అని వాడు మళ్ళీ క్లిప్పు అందుకున్నాడు. రెండు స్టిక్కులవీ సరిచేసి పలక బిగించాక, పక్క స్టూలు చూపించి "రా, కూర్చో" అన్నాడు.

ఆట మొదలైంది. మొదట్లో వాడు తడబడ్డాడు. పోను పోను అరచెయ్యి కుదురుకుంది, ఎడంచేతి వేళ్ళు బటన్ల మీద టకటకలాడాయి. గెలిచేలాగే ఉన్నాడు. నేను మా ఆవిడ చెవిలో, "ఈ ఒక్కసారికి ఓడిపోవే, నీకు పుణ్యముంటుంది," అని గొణిగాను. ఆ మహాతల్లి వింటేనా! చిత్తుచిత్తుగా ఓడించింది. పైగా స్టూలు మీంచి లేచి గంతులేసింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

బావమరిది నా వైపు తిరిగాడు. కళ్ళ నిండా నీళ్ళు.

"చెయ్యి ఇలా అయినప్పటినుంచీ నన్ను చూడ్డానికొచ్చిన ప్రతివాడూ నాతో క్యారమ్స్ ఆడి, కావాలని ఓడిపోయి వెళ్ళాడు బావా. మనిషిలా లెక్కేసి నన్ను ఓడించింది అక్కొక్కతే."

కళ్ళు తుడుచుకుని, స్టూలు ముందుకి జరుపుకున్నాడు.

"ఇంకో ఆట వెయ్యక్కా. గెలిచేదాకా నేను ఇంటికి పోను."

మా ఆవిడ గెలవనిస్తే కదా!