వద్దన్న గుండిగ

ప్రసూనలాంటి తోడికోడలు పగవాళ్ళకైనా వద్దని హైమవతి నమ్మకం. ప్రసూన చేసిన పాపమేమీ లేదు. ఏ పని చేసినా కష్టపడినట్టు కనిపించదు, అంతే. మరిది శరత్ భిలాయి ఉక్కు ప్లాంటులో ఉద్యోగం ముందుగానే వదిలేసి, పాత మినీబస్సొకటి కొని, అందులో మంచం, పొయ్యి, నీళ్ళ ట్యాంకు పెట్టించాడు. ఇక మొగుడూ పెళ్ళాం కాపురం అందులోనే. దేశమంతా తిరుగుతారట! ఆ మాట విన్న రోజు హైమవతి పప్పు మాడబెట్టింది.

సెక్టర్ 4లో వాళ్ళుంటున్న క్వార్టరు నెలాఖరుకి ప్లాంటుకు అప్పజెప్పాలి. ముప్ఫై ఏళ్ళ సామాను బస్సులో పట్టదు కనక, అయినవాళ్ళందరినీ ఆదివారం వచ్చి కావలసినవి పట్టుకుపొమ్మని ప్రసూన కబురు పెట్టింది. హైమవతి, భర్త గోపాలం సెక్టర్ 2 నుంచి స్కూటరు మీద బయల్దేరారు.

"నీకేటి కావాలో నోరు తెరిచి అడుగు. అడగందే అమ్మైనా పెట్టదు," అన్నాడు గోపాలం.

"నేనేటి, ముష్టికెళ్తన్నానా?" అంది హైమవతి.

ఆమెకు కావలసింది ఒక్కటే. అత్తగారు చిన్నమ్మలు బొబ్బిలి నుంచి రైల్లో కాళ్ళ దగ్గర పెట్టుకుని తెచ్చిన ఇత్తడి గుండిగ. యాభై మందికి సరిపడా పులిహోర అన్నం అందులో వండొచ్చు. పెద్దకోడలు తనుండగా ముసలావిడ దాన్ని తీసుకెళ్ళి చిన్నకోడలి చేతిలో పెట్టింది! ఇరవై రెండేళ్ళుగా భిలాయిలో ఏ తెలుగింట వ్రతమైనా, సీమంతమైనా ఆ గుండిగ అరువుకు వెళ్ళాల్సిందే. అది పొయ్యెక్కిన ప్రతిసారీ "ప్రసూన గారి గుండిగ" అని నలుగురూ అంటుంటే, ఆ పులిహోర హైమవతికి గొంతు దిగేది కాదు.

వాళ్ళు వెళ్ళేసరికి ఇల్లంతా సంతలా ఉంది. ప్రసూన మిక్సీ పనిమనిషికిచ్చింది, బీరువా పక్కింటివాళ్ళకిచ్చింది. ఇస్తూ నవ్వుతోంది. ఒక్క కన్నీటిబొట్టైనా రాలుతుందేమో చూద్దామని వచ్చింది హైమవతి. అదీ లేదు.

"మా ఇద్దరికీ రెండు కంచాలు, ఒక కుక్కరు. బస్, చాలక్కా," అంది ప్రసూన.

చాలట! హైమవతికి ఒళ్ళు మండింది. తన మంచం కింద విప్పని స్టీలు సామాను మూడు అట్టపెట్టెల నిండా ఉంది. ఉన్నవాళ్ళని చూసి కుళ్ళుకోవడం ఆమెకు అలవాటే. ఏమీ లేకుండా పోయేదాన్ని చూసి కూడా కుళ్ళుకోవాల్సొస్తుందని అనుకోలేదు.

ప్రసూన వంటింట్లోంచి గుండిగ మోసుకొచ్చి ముందు పెట్టింది. "అక్కా, ఇది నీకు కావాలా?"

హైమవతికి వెంటనే అందుకోవాలనే ఉంది. కాని ఆమె పుట్టింటివైపు పద్ధతి వేరు. మొదటిసారి ఇవ్వబోతే వద్దనాలి, రెండోసారి మొహమాటపడాలి, మూడోసారి తప్పదన్నట్టు పుచ్చుకోవాలి. గబుక్కున చెయ్యి చాపితే ఆబ అంటారు.

"ఎందుకులెద్దూ, మాకేటి గిన్నెలు లేవా?" అంది.

భిలాయిలో పుట్టి హిందీ బడిలో చదివిన ప్రసూనకు వద్దంటే వద్దనే. "ఠీక్ హై," అని పక్కకు తిరిగింది. "కనకలతా, నీకు?"

కనకలత నెహ్రూ నగర్‌లో కిరాణా కొట్టు నడుపుతుంది. "ఇచ్చీండి దీదీ!" అని గుండిగను చంకనెత్తుకుని, వీధిలో ఆగి ఉన్న ఆటో వైపు నడిచింది.

హైమవతి ప్రసూన వైపు తిరిగింది. "నాకివ్వడం నీకిష్టం లేదు. అత్తమ్మకీ లేదు!" అని గట్టిగా అరిచేసింది.

ప్రసూన నివ్వెరపోయింది. "ఏటక్కా ఆ మాట? అత్తమ్మ ముందు నీకే ఇవ్వబోయింది కదా. 'మీ పాత గిన్నె మాకెందుకు' అన్నావట. 'పెద్దకోడలికి నా గిన్నె నామోషీ కాబోలు' అని నా దగ్గర ఏడ్చింది. మళ్ళీ అడగడానికి మొహం చెల్లక నాకిచ్చింది."

హైమవతికి ఆ రోజు గుర్తొచ్చింది. అన్న మాట నిజమే. అనేసి వంటింట్లోకి పోయి, మళ్ళీ పిలుస్తుందని టీ పొంగిపోయేదాకా తలుపు దగ్గరే నిలబడింది. పిలుపు రాలేదు. మాటవరసకి అడిగిందిలే, ఇచ్చే మనసు లేదనుకుంది. ఇరవై రెండేళ్ళు తోడికోడల్ని చూసి ఏడ్చింది. చేజేతులా పోగొట్టుకున్నది తను.

వీధిలో ఆటో స్టార్టయింది.

హైమవతి చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తింది. "ఓ భయ్యా! రోకో, రోకో!"

ఆటో ఆగింది. కనకలత కంగారుగా తల బయటపెట్టింది. "ఏటైంది హైమక్కా?"

"ఆ గుండిగ నాకు కావాలి."

"ఇందాక వద్దన్నారు కదా?"

చుట్టుపక్కల క్వార్టర్లవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి చూస్తున్నారు. గోపాలం సిగ్గుతో తల దించుకున్నాడు.

"అన్నాను. అబద్ధమాడాను," అంది హైమవతి రెండు చేతులూ చాపి. "ఇలాగియ్యి."