చేపల బంగళాలో పోటు

బందరులో చేపల బంగళా తలుపులు తెరవకముందే మంగినపూడి నుంచి ఎడ్లబండ్ల మీద సముద్రపు నీళ్ళు వచ్చేవి. పీపాల్లో వచ్చిన ఆ నీళ్ళు అద్దాల తొట్లలో పోయించి, అద్దాలు తుడిపించి, అప్పుడు వీరాంజనేయులు వంగి తన ప్యాంటు ఇస్త్రీ మడత సరిచూసుకునేవాడు. చేపల సంగతి ఎలా ఉన్నా ఆ మడత మాత్రం చెదరకూడదు. చేతిలో బెత్తం పట్టుకుని, వచ్చినవాళ్ళకు ఒక్కో తొట్టీ చూపించి వివరాలు చెప్పడం అతని ఉద్యోగం.

బంగళాలో ముందు భాగం సముద్రం, వెనక భాగం అడవి. అడవంటే రేకుల కప్పు కింద పెద్ద హాలు. అందులో ఎక్కడెక్కడి దేశాల నుంచో తెప్పించిన వెడల్పాకుల మొక్కలు, వాటి మధ్య మడుగుల్లో ఎర్రతోకల చేపలు, పైన చిల్లులు పొడిచిన గొట్టాల్లోంచి పొద్దస్తమానం కురిసే వాన. శ్రావణమాసంలో జనం గొడుగులేసుకుని బయటి వానలో నడిచొచ్చి, టిక్కెట్టు కొనుక్కుని లోపలి వానలో తడిసి వెళ్ళేవాళ్ళు. బందరు వాళ్ళ సరదాలకి అర్థాలు వెతక్కూడదు.

వీరాంజనేయులుది దివిసీమలో, నాగాయలంక దాటాక సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఒక పాలెం. చేపలు పట్టేవాళ్ళ ఊరు. ఆ సంగతి బందరులో ఎవరికీ తెలీదు. గది అద్దెకి అడగడానికి వెళ్ళినప్పుడు ఇంటావిడ కనకరత్నం గారు "ఏ ఊరు బాబూ?" అంటే, అతని నోటికి పెదపారుపూడి వచ్చింది. "వ్యవసాయమండీ" అన్నాడు. "నాన్నగారున్నారా?" అంటే లేరన్నాడు. అది నిజమే. పాపం అనుకుని ఆవిడ ఇంకేమీ అడగలేదు. ఉన్న ఊరు మార్చేసుకున్నాక ఉన్న తల్లిని ఎక్కడ పెట్టుకోవాలో అతనికీ తెలియలేదు. సెలవుకి ఇంటికి వెళ్ళినప్పుడల్లా "నువ్వు బందరు రాబోకమ్మా, నేనే వస్తాగా" అనేవాడు.

తల్లిని రావద్దనడానికి కారణం పోటు. ప్రతి పాలెంలోనూ ఒక ఇంటికి పోటు ఉంటుంది. వాళ్ళ పాలెంలో అది వీళ్ళ ఇంటికి ఉంది. సముద్రానికి పోటు వస్తే, అతని తల్లి అంకమ్మ ఎక్కడున్నా సరే, చీర అంచు తడిసేది. పోటు పెరిగేకొద్దీ ఉప్పునీటి తడి మోకాళ్ళ దాకా ఎక్కేది, ఆటుకి మళ్ళీ ఆరేది. ఆమె అత్తకీ అలాగే ఉండేది. అత్త ప్రాణం పోయిన ఘడియలో కోడలి కుచ్చిళ్ళు తడిశాయి. ఉన్నవాళ్ళు పోతే తప్ప పోటు ఇంకొకరికి మారదు. సముద్రం ఎదురుగానే కనబడుతున్నా, అంకమ్మ చీర చూడందే పాలెంలో ఎవరూ పడవ తొయ్యరు. ఆమె ఊరెళ్ళిన పూట పడవలు ఒడ్డునే ఉంటాయి.

బందరు వాళ్ళకీ ఇది తెలిసిందే. మోకాళ్ళ దాకా తడిసిన మనిషి కనబడితే పాలెం మనిషని పక్కకి జరుగుతారు. ఆ మనిషి కూర్చుని లేచిన బల్ల తుడుచుకుంటారు. ఎవరూ పల్లెత్తు మాట అనరు. మాట అంటే ఎదురు మాట అనొచ్చు. తుడుచుకునేవాళ్ళని ఏమనగలం? వీరాంజనేయులు చిన్నప్పుడు సీటు అడగడానికి వచ్చిన బందరు హైస్కూల్లో అమ్మ కూర్చున్న బల్లని బంట్రోతు తుడుస్తుంటే చూశాడు. ఆ సిగ్గు అతనితో పాటే పెరిగి పెద్దదయింది.

ఆ శనివారం కనకరత్నం గారు బంగళా చూడ్డానికి వచ్చారు. "రోజూ చెప్తావుగా, చూద్దామని" అన్నారు. వీరాంజనేయులు పొంగిపోయి, సూపరింటెండెంటు సుందరరాజు గారి గదిలోంచి కుర్చీ కూడా తెప్పించాడు. ఆవిడ కూర్చోలేదు. అతని వెనకే తొట్టి తొట్టికీ నడుస్తూ, పదిమందితో పాటు శ్రద్ధగా వింటున్నారు.

సరిగ్గా ఆ వేళకే అంకమ్మ వచ్చింది. మోపిదేవిలో దిగి స్వామి దర్శనం చేసుకుని, కొడుకు కోసం కుంకుమ పొట్లం కట్టించుకుని, మళ్ళీ బస్సెక్కి బందరు చేరింది. కొడుకు రావద్దన్న మాట ఆమెకి గుర్తుంది. ఎండలో అంత దూరం ఎందుకని అన్నాడనుకుంది. జనం వెనక నిలబడి, వీరాంజనేయులు బెత్తం పట్టుకుని మేష్టారిలా చెబుతుంటే, ఆనందంతో ఊపిరి కూడా గట్టిగా తీసుకోకుండా విన్నది. అప్పుడప్పుడే పోటు మొదలవుతోంది. ఆమె చీర అంచు తడిసి, పాదాల చుట్టూ గచ్చు మీద కాసిని నీళ్ళు నిలిచాయి.

చివరి తొట్టిలో సముద్రపు తాబేలుంది. దాన్ని చూసేసరికి అంకమ్మకి కొడుకు సంగతి కూడా మరుపొచ్చింది. పాలెంలో తాబేలు వలలో పడితే ఇంటికి తేరు. వీపు మీద పసుపు రాసి, కుంకుమ పెట్టి, మొహం సముద్రం వైపు తిప్పి వదిలిపెడతారు. వదలకపోతే ఆ వల మళ్ళీ నిండదని వాళ్ళ నమ్మకం.

"ఎవరి వలలో పడ్డావే తల్లీ. వదలటం మర్చిపోయారా?" అంది. పొట్లం విప్పింది. తను విధవరాలు, తన చేత్తో పెట్టకూడదు. పక్కన చూస్తే, ఇంత బొట్టు పెట్టుకుని కనకరత్నం గారు కనిపించారు.

"అమ్మా, తమరు పుణ్యస్త్రీలు. ఈ తల్లికి కాస్త కుంకం పెడతారా?"

"అద్దానికా?" అన్నారు ఆవిడ.

"అద్దానికే పెట్టండమ్మా. ఆనక మా అబ్బాయి తీసి సముద్రంలో వదిలేస్తాడు. అడుగో, మా వీరాంజి."

జనం నవ్వారు. అద్దానికి బొట్టు పెట్టమన్న మనిషిని చూసి నవ్వక ఏంచేస్తారు. వీరాంజనేయులు కూడా నవ్వాడు. నవ్వుతూనే ఆమె పాదాల దగ్గరి నీళ్ళు చూశాడు, కనకరత్నం గారు చెప్పులు కాస్త వెనక్కి తీసుకోవడం చూశాడు.

"మీ అమ్మగారా బాబూ?" అని అడిగారు కనకరత్నం గారు. అందులో ఎత్తిపొడుపేమీ లేదు. ఔనంటే ఔననుకునేవారు.

"కాదండీ" అన్నాడు వీరాంజనేయులు. ఆ ఒక్క మాటతో ఆగినా బాగుండేది. నమ్మరేమోనన్న భయంతో ఇంకోటి జోడించాడు. "మా అమ్మ లేదండీ. పోయింది."

అంకమ్మ కొడుకు మొహంలోకి చూసింది. ఆ ప్యాంటు, ఆ బెత్తం, చుట్టూ ఉన్న మనుషులు, అన్నీ చూసింది. ఆమెకి అర్థమైపోయింది.

"పొరబడ్డానండీ" అంది. "మావాడు ఇట్టాగే ఉంటాడు. చూపు సరిగా ఆనక అట్టా అనేశాను. ఏమీ అనుకోబాకండి బాబుగారూ."

కన్నకొడుకుని ఆమె అండీ అనడం, గారూ అనడం అదే మొదలు. ఎంత మర్యాదగా అందంటే, అక్కడున్నవాళ్ళంతా నమ్మేశారు. ఆ మర్యాద విని వీరాంజనేయులుకి గచ్చులోకి కూరుకుపోవాలనిపించింది. అయినా అన్న మాట వెనక్కి తీసుకోలేదు.

పోటుకి అబద్ధాలు తెలీవు. కన్నకొడుకే తల్లి పోయిందంటే, కాదనడానికి అదెవరు? అంకమ్మ పాదాల దగ్గరి నీళ్ళు మెల్లగా కదిలి, జనం చెప్పుల మధ్య నుంచి పారి, వీరాంజనేయులు బూట్ల దగ్గర చేరాయి. ఆమె చీర అంచు ఆరిపోయింది. అతని ప్యాంటు అంచు తడిసింది. చూస్తూండగానే తడి పైకెక్కి, చీలమండల దగ్గర ఇస్త్రీ మడతని మింగేసింది. చుట్టూ ఉప్పు వాసన వచ్చింది.

నవ్వులు ఆగిపోయాయి. కనకరత్నం గారు అతని కాళ్ళ వంకా, ఆరిన ఆ చీర వంకా చూశారు. "ఎందుకన్నావు బాబూ ఆ మాట?" అన్నారు. అంకమ్మ చేతిలోని పొట్లంలోంచి కుంకుమ తీసి, తాబేలు ఎదుట అద్దం మీద బొట్టు పెట్టారు.

అలికిడికి సుందరరాజు గారు బయటికి వచ్చారు. తడిసిన ప్యాంటు చూసి, విషయం అడగాల్సిన అవసరం కూడా లేదన్నట్టు తల ఊపారు. "ఇంటికి వెళ్ళవయ్యా. నువ్వు వెళ్తే గాని మీవాళ్ళు సముద్రంలోకి దిగరు" అన్నారు.

"ఉద్యోగం, సార్?"

"తడిసి ఉన్నవాడు ఇక్కడ పనికిరాడని ఎవరన్నారు? కానీ అక్కడ నువ్వు తప్ప ఇంకెవరూ పనికిరారు కదా."

బయటికి పోయే దారి అడవిలోంచే. అంకమ్మ అప్పటికే ఆ హాల్లో వానలో నడిచి వెళ్తోంది. వీరాంజనేయులు పరిగెత్తాడు. వానలో ఇద్దరూ నెత్తి నుంచి కాళ్ళ దాకా తడిసిపోయారు. ఎవరి తడి ఏదో తెలియలేదు. ఇదంతా తన భ్రమేమోనని ఆ కాసేపు అతనికి ఆశ కలిగింది.

"అమ్మా" అన్నాడు.

ఆమె వెనక్కి తిరిగి, దారిలోంచి పక్కకి తప్పుకుంది. "ముందు మీరు ఎళ్ళండి బాబూ" అంది. కోపంగా అనలేదు. కోపంగా అన్నా అతను బతికిపోయేవాడు.

బయట ఎండలో అన్నీ ఆరాయి, అతని మోకాళ్ళ కిందిభాగం తప్ప. బస్సులో కండక్టరు అతని కాళ్ళు చూసి "వెనక సీటు" అన్నాడు. అంకమ్మ ముందు సీట్లో కూర్చుంది. తల్లి తల వెనక ముడి చూస్తూ కూర్చున్న వీరాంజనేయులుకి చల్లపల్లి దాకా తడి పిక్కల మీద ఉంది, అవనిగడ్డ దాటేసరికి మోకాళ్ళు అందుకుంది. వదినలూ మావయ్యలూ అందరూ ఉండే ఊరికి, తల్లి పోయిన కొడుకుగా, తల్లితోటే వెళ్తున్నాడు.

పొద్దు వాలుతుండగా పాలెం చేరారు. పడవలు ఒడ్డునే ఉన్నాయి. అంకమ్మ కోసం చూస్తున్న ఆడవాళ్ళు ఎదురొచ్చి, ఆమె పొడి కుచ్చిళ్ళు చూసి ఆగిపోయారు. ఒకామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పాలెం పెద్ద నరసింహం జనాన్ని తప్పించుకుని ముందుకొచ్చాడు. అంకమ్మని పలకరించలేదు. పోటు వదిలిన మనిషిని ఏమని పలకరించాలో ఆయనకి తెలీదు. ఆ పాలెంలో ఎవరికీ ఇంతవరకు ఆ అవసరం రాలేదు. వీరాంజనేయులు మోకాళ్ళ వంక చూసి, చావు ఇంట్లో అడిగేటట్టు మెల్లగా అడిగాడు.

"అమ్మ ఎప్పుడు పోయిందిరా?"

అంకమ్మ చేయి చాస్తే అందేంత దూరంలో ఉంది. లేదు మావయ్యా, ఇదుగో బతికే ఉంది అని చెప్పడానికి వీరాంజనేయులు నోరు తెరిచాడు. చెబితే మరి ఈ తడి ఎక్కడిదని అడుగుతారు.

"మధ్యాహ్నం, మావయ్యా" అన్నాడు. "నేనే చంపుకున్నా."

నరసింహం పడవల వాళ్ళ వైపు తిరిగి "పోటు నిండింది. తొయ్యండి" అన్నాడు. అందరూ కదిలారు.

అంకమ్మ తన ఇంట్లోకి వెళ్ళింది. పీట తెచ్చి గుమ్మం ముందు వేసి, చెంబుతో మంచినీళ్ళు పెట్టింది.

"కూర్చోండి బాబూ, దూరం నుంచి వచ్చారు" అంది.