నోంగ్‌ఖాయ్‌లో ఆరో సమావేశం

మా చుట్టుపక్కల దేశాల్లో నదుల మీద పరిశోధన చేసే కుర్రవాళ్లందరినీ ఏడాదికోసారి ఒకచోట చేర్చడం నా పని అయిపోయింది. ఎవరూ అప్పగించింది కాదు. వదిలించుకోవడం మాత్రం చేతకాలేదు.

ఆరో సమావేశం అందరికీ దగ్గరని సరిహద్దు ఊరు నోంగ్‌ఖాయ్‌లో పెట్టాను. మెకాంగ్ నది దాటితే లావోస్. అయినా పిలిచినవాళ్లలో సగం మంది రాలేదు. ఒకరికి సెలవు దొరకలేదు, ఒకరికి వీసా రాలేదు. బర్మా కుర్రవాడు తీహాకు కొత్త పాస్‌పోర్టే చేతికి రాలేదు. ఫోన్లో మాట్లాడతానన్నాడు. తీరా అతని వంతు వచ్చేసరికి అతని ఊరు మౌల్మీన్‌లో కరెంటు పోయి, నమస్కారంతోనే లైను తెగిపోయింది.

తర్వాతివారిని పిలవబోయాను. భోజనానికి తొందరగా లేవొచ్చని లోపల కాస్త సంతోషించాను కూడా. అంతలో లావోస్ నుంచి వచ్చిన మాలై లేచింది. నిరుటి సమావేశంలో చేపల లెక్కల మీద ఆమెకూ తీహాకూ నలుగురిలో గొడవైంది. జాలరుల కబుర్లను పరిశోధన అనొద్దని ఆమె అంటే, అతను అన్నం ముట్టకుండా వెళ్లిపోయాడు. అప్పటినుంచి మాటల్లేవు.

"మీరు అందరికీ పంపిన అతని వ్యాసం నా దగ్గరుంది అక్కా. నేను చదువుతా."

"అతని పద్ధతి నీకు నచ్చదుగా?"

"ఇప్పటికీ నచ్చదు. ముందు అందరూ వింటేగా, నేను పోట్లాడేది."

ఇద్దరి సొంత భాషా కాని ఇంగ్లీషులో నిదానంగా చదివింది. జాలరుల మాట ఎలా నమ్మడమని ఒక పెద్దాయన అడిగితే, తీహా స్వయంగా వలల దగ్గర కూర్చుని చేపలు తూచిన సంగతి వ్యాసంలో వెతికి చూపించింది. తన అభ్యంతరం వేరే ఉందనీ, అది అతనికే చెబుతాననీ అంది.

సాయంత్రం ఒడ్డున కాల్చిన చేప, జిగురన్నం తింటూ, వచ్చే ఏడు ఇక నావల్ల కాదని చెప్పేశాను. బతిమాలతారనుకున్నాను.

"మంచిదక్కా," అంది మాలై, ముల్లు తీసుకుంటూ. "మీ మొహం చూస్తే తెలుస్తూనే ఉంది. మా ఊరు సవన్నఖేత్‌లో నేను పెడతా. మీరు ఊరికే వచ్చి తినండి."

"తీహా మళ్లీ రాలేకపోతే?"

"మళ్లీ నేనే చదువుతా. తిట్టుకుంటూ చదువుతా."

ఉండమని ఒక్కరూ అనలేదు. మనసు కాస్త చివుక్కుమంది. అందరి తిరుగు ప్రయాణాల సంగతీ ఆమెకే వదిలేసి గదికి పోయి, చెప్పులు కూడా విడవకుండా మంచం మీద వాలిపోయాను.