అరవై శాతం రైతు

చీకటితో మొదలైన వాన పది గంటలైనా ఆగలేదు. అడ్డం తిరిగిన దూడతో చూడావు నానా అవస్థా పడి చివరికి ఈనింది. డింప్నా మోచేతుల దాకా అంటిన నెత్తురు కడుక్కుని కొట్టం వెనక్కి వచ్చేసరికి, మొగుడు మాలకీ ట్రాక్టరుకి పేడ ట్యాంకరు తగిలిస్తున్నాడు.

"ఎక్కడికి?" అంది.

"గొయ్యి చూడలేదా? జానెడు ఖాళీ కూడా లేదు. నాలుగు ట్యాంకర్లు కింద మడిలో పోసేసి వస్తా."

ఆ గొయ్యికి కప్పు లేదు. అరవై ఆవులు వేసే పేడా మూత్రం ఒక ఎత్తు, అందులో పడే వాన ఒక ఎత్తు. చలికాలమంతా పొలంలో పేడ నీళ్లు పోయకూడదని చట్టం. నానిన నేల ఏమీ తాగదు. పోసిందంతా వాగులోకి, వాగులోంచి సరస్సులోకి పోతుంది. చుట్టుపక్కల ఇళ్లన్నిటికీ కుళాయిల్లో వచ్చేది ఆ సరస్సు నీళ్లే.

"ఆ నిషేధం నెలాఖరు దాకా ఉంది కదా" అంది డింప్నా.

"నిషేధం పెట్టినోడికి ఆవులున్నాయా?" కొట్టం చూరు కింద నిలబడ్డ మామగారు ప్యాకీ అందుకున్నాడు. ఎనభై దాటినా గొంతు తగ్గలేదు. "మా నాన్న పోశాడు, నేను పోశాను. పొగమంచు కమ్మింది, ఎవడికి కనపడుద్ది? కానీరా మాలకీ!"

"కనపడితే కేసు ఎవరి మీద పెడతారు మావయ్యా?"

తండ్రీకొడుకులు మొహాలు చూసుకున్నారు. ఆ సంగతి వాళ్లు నిజంగానే మర్చిపోయారు.

కిందటి ఆగస్టులో వ్యవసాయ సలహాదారు అల్టన్ ఇదే ఇంట్లో కూర్చుని, రొట్టెకి దిట్టంగా వెన్న రాసుకుంటూ కబురు చెప్పాడు. కప్పుతో కొత్త గొయ్యి కట్టుకుంటే ప్రభుత్వం గ్రాంటు ఇస్తుంది. మగాడి పేరున మంద ఉంటే ఖర్చులో వందకి నలభై. ఆడమనిషి పేరున ఉంటే వందకి అరవై. పని తొంభై వేల యూరోలది. అరవై అనగానే ప్యాకీ కళ్లు మెరిశాయి. ఇరవై రెండేళ్లుగా పాల చెక్కు మీద కోడలి పేరు రాయనివ్వని మనిషి, తన జేబులో కలం తీసి స్వయంగా ఆమె చేతిలో పెట్టాడు. ఆ సంతకంతో సర్కారు రికార్డుల్లో మంద నంబరు డింప్నా పేరుకి మారింది. "ఇహ నేను మా ఆవిడ దగ్గర పాలేరుని" అని మాలకీ పబ్బులో చెప్పుకుని అందర్నీ నవ్వించాడు. డింప్నా కూడా నవ్వింది. నవ్వకేం చేస్తుంది?

గ్రాంటు మంజూరైంది. కానీ గొయ్యి కట్టి, కప్పేసి, అధికారి వచ్చి చూసుకున్నాక గానీ పైసా రాదు. ఈ లోపల చట్టం మీరి పట్టుబడితే గ్రాంటుకి నీళ్లొదులుకోవాల్సిందే. పైగా కోర్టు మెట్లెక్కేది డింప్నా.

ఆమె చెయ్యి చాపి ట్రాక్టరు తాళం లాగేసుకుంది. ఇంజను ఆగిపోయింది.

"ఏంటే ఈ తమాషా?" అన్నాడు మాలకీ.

"నా పేరున వాగులోకి పేడ వదలను. పొయ్యనివ్వను."

"నీ పేరా! ఆ పేరు కాగితం కోసం పెట్టాం. నిజంగా రైతువైపోయావనుకున్నావా ఏంటి?"

మాలకీ చెడ్డవాడు కాదు. ఆ మాట కావాలని గుచ్చడానికి అన్నదీ కాదు. అలవాటుగా నోట్లోంచి వచ్చేసింది. అందుకే డింప్నాకి అది మరీ నొప్పి పుట్టించింది. ఒళ్లు మండిపోయింది.

"మరెవరు రైతు? పొద్దున ఆవు కడుపులో చెయ్యి పెట్టిందెవరు? నువ్వు నడుం విరిగి పడుకున్న ఏడాది రెండు పూటలా పాలు పితికిందెవరు? అది చాలక పుట్టగొడుగుల షెడ్డులో గంటకి పదమూడు యూరోలకి చేరి, ఆ కూలితో ఈ ఆవులకి దాణా తెచ్చిందెవరు?"

మాలకీ తల దించుకున్నాడు. "సరేలే. మరి ఇప్పుడేం చేద్దామంటావ్? ఊరుకుంటే సాయంత్రానికి గొయ్యి పొంగుద్ది. అప్పుడూ వాగులోకే కదా?"

డింప్నా వానలో తడుస్తూ నిలబడి అటూ ఇటూ చూసింది. కంచె అవతల కాన్సెప్టా వాళ్ల కొట్టం కనపడింది. మొగుడు పోయాక ఆమె ఆవుల్ని అమ్మేసింది. ఆ ఇంటి పేడ గొయ్యి రెండేళ్లుగా ఖాళీ.

"కాన్సెప్టాని అడుగుతా."

"ఆ పేరెత్తకు!" ప్యాకీ కర్ర నేలకేసి కొట్టాడు. "దాని మొగుడు మన గట్టు మూడడుగులు మింగినోడు!"

మింగినవాడు మట్టిలో కలిసిపోయాడు, పగ మాత్రం పచ్చగా ఉంది. డింప్నా కాపరానికి రాకముందు ఆ గట్టు మీద రేగిన తగాదా కోసం ఆమె ఆ గడప తొక్కలేదు, ఆ చావుకీ వెళ్లలేదు. ఆదివారం చర్చిలో ఎదురుపడితే ఇద్దరు ఆడవాళ్లూ తలూపుకుని తప్పుకునేవాళ్లు. ఎంత సిగ్గుమాలిన పని అనిపించింది ఇప్పుడు.

తలుపు తీసిన కాన్సెప్టా ఆమెని ఎగాదిగా చూసింది. "ఇన్నేళ్లకి మా గుమ్మం గుర్తొచ్చిందా! ఎవరికేమైంది?"

"ఎవరికీ ఏం కాలేదక్కా. మీ గొయ్యి ఖాళీగా ఉంది. మా పేడ నీళ్లు పోసుకోనిస్తారా అని వచ్చా."

"ఓరి నాయనో! వచ్చింది వచ్చింది, పేడ కోసమా!" కాన్సెప్టా పగలబడి నవ్వింది. నవ్వు ఆపి, "ప్యాకీ పంపాడా?" అంది.

"లేదు. వద్దన్నాడు."

"మాలకీ?"

"ఎవరూ పంపలేదు. మంద నా పేరున ఉంది. నేనే వచ్చా."

కాన్సెప్టా తలుపు బార్లా తీసింది. "నా మొగుడు పోతే గానీ నా పేరున ఏదీ రాలేదు. నీకు మొగుడుండగానే వచ్చింది, అదృష్టవంతురాలివి. పోసుకో. కానీ దొడ్డిదారిన దొంగలా రాకు. పెద్ద రోడ్డు మీంచి, పట్టపగలు రా. ఊరంతా చూడాలి."

డింప్నా తిరిగొచ్చి ట్యాంకరు నింపుకుంది. గొట్టం తగిలించడానికి మాలకీ చెయ్యి వేశాడు. ఆమె ట్రాక్టరెక్కి గేటు దాకా వచ్చేసరికి దాన్ని మూసి అడ్డంగా ప్యాకీ నిలబడి ఉన్నాడు. టోపీ అంచు నుంచి నీళ్లు కారుతున్నాయి.

"ఆ ఇంటికి నా పొలంలోంచి చుక్క పోదు. ఎవరి పొలం అనుకుంటున్నావ్?"

"పొలం మీదే మావయ్యా. కాదనట్లేదు. ఇల్లూ మీదే. ఈ పేడ మాత్రం నాది. సర్కారు రాసిచ్చింది, మీరు కలం ఇచ్చారు. నా పేడ నేను చెప్పిన చోటికే పోద్ది. జరగండి."

"జరగను."

"నాన్నా..." అన్నాడు మాలకీ వెనకనుంచి. గేటు వైపు నడిచాడు. గొళ్లెం తియ్యడానికో, తండ్రి పక్కన నిలబడటానికో ఆ నడక చూస్తే చెప్పడం కష్టం.

డింప్నా అది తేలేదాకా ఆగలేదు. బ్రేకు మీంచి కాలు తీసింది. ట్రాక్టరు నెమ్మదిగా గేటు వైపు కదిలింది.