అలల చప్పుడు తీసెయ్యండి

మా ఆయన నూకయ్య తాగుడు మానేశాడు. సముద్రం ఒడ్డున చేపలవేటతో బతికే మా పేటంతా మెచ్చుకుంది. నాకూ సంతోషమే, కాదనను. కానీ ఎవరి మాట విని మానేశాడో తలుచుకుంటే మాత్రం ఒళ్లు మండిపోతుంది.

నేను ఏడ్చాను, తిట్టాను, పైడితల్లమ్మకి మొక్కాను. వినలేదు. ఆసుపత్రివాళ్లు ఫోన్లో ఒక వెబ్‌సైటు పెట్టిచ్చారు. తాగుడు మానాలనుకునేవాళ్లకీ, మనసు బాగోలేనివాళ్లకీ అట. అందులో నొక్కితే శ్రావణి అనే పిల్ల మాట్లాడుతుంది. ఆ పిల్ల చెప్పగానే మానేశాడు. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా!

రోజూ సాయంత్రం ఇయర్‌ఫోన్సు పెట్టుకుని గుమ్మంలో కూర్చుంటాడు. అన్నానికి పిలిస్తే చెయ్యి ఊపుతాడు. నాతో అయితే ఊఁ, ఊఁహూఁ. ఆ పిల్లతో మాత్రం కబుర్లే కబుర్లు.

మొన్న వెబ్‌సైటువాళ్లు కబురు పెట్టారు. వాడేవాళ్లు వచ్చి ఏది బాగోలేదో చెబితే మారుస్తారట. అరసవల్లిలో లాడ్జి హాల్లో మీటింగు. మా తమ్ముడి పెళ్లికి కూడా తొడుక్కోని చొక్కా తీసి తొడుక్కున్నాడు.

"నేనూ వస్తాను" అన్నాను.

"నీకెందుకే దాలీ అక్కడ?"

"ఆ పిల్ల మొకం ఓపాలి సూడాలి మావా."

శ్రావణి చక్కగానే ఉంది. "రండక్కా" అని తనే నాకు కుర్చీ వేసింది. దాంతో ఇంకా కోపం వచ్చింది. మంచిదైపోతే దాన్ని తిట్టేదెలా?

"తాగాలనిపించినప్పుడు కళ్లు మూసుకుని ఇది వినండి" అంటూ స్పీకరులో అలల చప్పుడు పెట్టింది. అందరికీ హాయిగా ఉంది. మీటింగుకొచ్చిన, ఆటో తోలే గోపి అయితే కునుకే తీశాడు.

నూకయ్య లేచి నిలబడ్డాడు.

"అమ్మా, ఆ సప్పుడు తీసెయ్యండి."

"ఎందుకు నూకయ్యగారూ?"

చొక్కా అంచు నలుపుతూ చెప్పాడు.

"పడవ బోల్తా పడినప్పుడు నీటికింద వలలో నా కాలు సిక్కుకుపోయినాది. అప్పుట్నించి ఆ సప్పుడంటే బయం. ఏటకెల్లాలంటే కాళ్లు ఒణుకుతాయి. ఆ ఒణుకు తెలీకుండా తాగీవోడ్ని. ఇప్పుడు తాగకండానే ఎల్తన్నాను. ఇంటికాడ ఆ సప్పుడు ఇనలేకే ఇయర్‌ఫోన్సు ఎట్టుకుంటన్నాను. అందులోనూ అదే ఎడితే ఇంకెక్కడికెల్లాలమ్మా?"

"తీసేస్తామండీ. మీరు చెప్పకపోతే మాకు తెలిసేదే కాదు" అంది శ్రావణి.

నాకూ తెలీదు. పడవ బోల్తా పడిన సంగతి తెలుసు. ఆ కాలికి పసుపు రాసి కట్టుకట్టింది నేనే. లోపల ఇంత భయం ఉందని మాత్రం తెలీదు. పక్కన పడుకునేదానికి చెప్పని మాట ముక్కూ మొహం తెలియనివాళ్ల ముందు చెప్పాడు.

"నాకెందుకు సెప్పలేదు? నేను సచ్చిపోనానా?" అన్నాను లేచి.

నాకు ఏడుపొచ్చేసింది.

"ఇంక నువ్వు ఏటకెల్లొద్దు. ఎల్తే నా మీద ఒట్టే!"

నావైపు చూస్తాడనుకున్నాను. శ్రావణివైపు తిరిగాడు.

"సూసినారా అమ్మా? అందుకే దీనికి సెప్పలేదు. సముద్రం తప్ప నాకింకేటొచ్చు?"

ఆ మాట కూడా ఆ పిల్లకే చెప్పాడు.