కొక్కెం మీద గీత

ఉదయం ఐదూ ముప్పావుకి రంగుల పరీక్షకుడు మేనత్త మంచం కింద నుంచి ఇనపరేకులు బయటికి లాగాడు.

"మెల్లగా లాగరా, చెవులు చిల్లులు పడుతున్నాయి," అంది అత్త, దుప్పటి తియ్యకుండానే.

ఆమె పడుకున్న గదిలో ఒక రాత్రి గడిస్తే ఇనుముకు రేవుగాలిలో నెల గడిచినట్టు. అతను రంగు వేసిన రేకు మీద కత్తితో గాటు పెట్టి అక్కడ ఉంచుతాడు. గాటులోంచి తుప్పు ఎంత దూరం పాకిందో చూసి, ఆ రంగు ఎన్నాళ్లు ఆగుతుందో రాసిస్తాడు. ఆఫీసువాళ్లు ఒకసారి అత్తను ప్రయోగశాలకు మకాం మార్చమన్నారు. అక్కడ కిటికీ లేదని ఆమె ఒప్పుకోలేదు.

ఆ రోజు రేకులు బాగానే ఉన్నాయి. లేవబోతూ గోడకున్న చెక్క కొయ్య వైపు చూశాడు. దానికి బావమరిది నడుముపట్టా వేలాడుతోంది. రేవు దీపస్తంభాలెక్కి బల్బులు మార్చే మనిషి. రాత్రి వాన పట్టుకుంటే ఇక్కడే, అక్క ఇంట్లో ఆగిపోయాడు. ఎనిమిదింటికి మళ్లీ స్తంభం ఎక్కాలి. పైన అతన్ని పట్టి ఉంచేది ఆ పట్టాకున్న కొక్కెమే.

కొక్కెం మీద జింకుపూత నిగనిగలాడుతోంది. అయినా రాత్రంతా ఈ గదిలో ఉందని పరీక్షకుడు రెండు చేతులా పట్టి వంచాడు. పుల్లలా విరిగింది.

"పట్టా తడిసిందని ఆరేస్తే విరగ్గొట్టావా బావా!" అన్నాడు బావమరిది, నోట్లో బ్రష్షుతోనే వచ్చి.

"ఈ గీత ఏంటి?"

"నా గుర్తు. రెండేళ్ల కిందట మేకుతో గీసుకున్నా. లేకపోతే పనిలో మావాళ్లు మార్చేసుకుంటారు."

విరిగింది సరిగ్గా ఆ గీత దగ్గరే. పూత కింద అంతా ఎర్రటి పొడి.

"రేకులు పాడవ్వాలనే నేను వాటి మీద గీస్తాను. నువ్వెందుకు గీశావురా?"

"ఇక్కడ తగిలించకపోతే ఇంకో నెల ఆగేదిగా!"

"నెల లోపల ఏ రోజు విరిగేదో అత్త గది చెప్పదు."

అత్త లేచి కూర్చుని, గుమ్మంలోకి వచ్చిన పరీక్షకుడి భార్యతో అంది: "మా వైపు ఇంత తెలివి లేదమ్మా. మీ తమ్ముడికి టీ ఇచ్చి రేవు స్టోరుకి పంపు."

స్టోరువాడు ముక్కలు తీసుకుని, అత్త ఆరోగ్యం అడిగి, కొత్త కొక్కెం ఇచ్చాడు. అక్క తమ్ముడి చేత గీయనని ఒట్టు వేయించుకుని, గుర్తుగా దానికి ఎర్ర గుడ్డపేలిక కట్టింది.

వారం తిరిగాక రేవు కాపలాదారు పరీక్షకుడికి చెప్పాడు. మొన్న జల్లులో బావమరిది పైమెట్టు మీద కాలు జారి, కిందివాళ్లు నిచ్చెన తెచ్చేదాకా కొక్కెం ఆధారంగానే వేలాడాడట. దిగగానే, ఇంట్లో చెప్పొద్దని అందరికీ టీ ఇప్పించాడట.