ప్రాజక్త తడి చేతులు

మా కొల్హాపూరు తాలింఖానాలో పిల్లలకు కుస్తీ నేర్పే బాజాబా వస్తాదుకు ఒక పిచ్చి నమ్మకం. జాతర కుస్తీకి ఎవరిని పంపాలో తేల్చేముందు ఒక్కొక్కరి అరచెయ్యి పట్టుకుని చూస్తాడు. పొడిగా ఉంటే ధైర్యవంతులట, తడిగా ఉంటే పిరికివాళ్లట. మా ఆయన అరచేతులు బతికినన్నాళ్లూ ఎండు రొట్టెల్లా ఉండేవి. బల్లి కనబడితే మంచమెక్కేవాడు. ఆ సంగతి ఎవరితో చెప్పుకోను?

నా మనవరాలు ప్రాజక్త చేతులు పలక పట్టిన నాటి నుంచీ తడే. ఈ ఏడు జాతరలో మొదటిసారి ఆడపిల్లల కుస్తీ పెడుతున్నారు. దానికోసం పిల్ల ఏడాది పొడుగునా దండీలూ బస్కీలూ తీసింది. తీరా వస్తాదు దాని చెయ్యి పట్టుకుని, తన చేతిని పంచెకు తుడుచుకుని, "వచ్చే ఏడు చూద్దాంలే పోరీ" అన్నాడు. వెనకాల ఉన్న మగపిల్లలు కిసుక్కుమన్నారు. ఇంటికొచ్చి జొన్నరొట్టె ముట్టలేదు పిల్ల.

"నాకు భయం లేదు ఆజీ. చేతులకే ఏదో రోగం" అంది.

మర్నాడే దాన్ని డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లాను. ఆవిడ చేతులు తిప్పి చూసి నవ్వింది.

"రోగం లేదు, పాడూ లేదు ఆజీ. పెదవుల్లాంటి కొద్ది చోట్ల తప్ప ఒళ్లంతా చెమట గ్రంథులే. చర్మం లోపల సన్నటి గొట్టం చుట్టలు చుట్టుకుని ఉంటుంది, మూతి పైకి తెరుచుకుంటుంది. ఒళ్లు వేడెక్కితే నీళ్లు వదులుతుంది. ఆ తడి ఆరుతూ ఒంటి వేడిని తీసుకుపోతుంది."

"మరి మా తాలింఖానా మగపిల్లల కంపు?"

"చంకల్లో వేరే రకం గ్రంథులు కూడా ఉంటాయి. వాటి చెమట చిక్కన. దాని మీద సూక్ష్మజీవులు పడితే కంపు."

"అది సరే, దీని చేతుల మాటేమిటి?"

"గ్రంథులు బాగా కిక్కిరిసి ఉండేది అరచేతుల్లో, అరికాళ్లలో. వాటికి ఎండ కంటే మనసుతోనే ఎక్కువ పని. భయమే కానక్కర్లేదు, పట్టుదలకైనా చెమర్చుతాయి. ఈ పిల్లకి అవి కాస్త చురుకు, అంతే. కొద్దిగా తడి ఉంటే పట్టు ఇంకా గట్టిగా కుదురుతుంది. మరీ ఎక్కువైతేనే జారుతుంది."

ఆ మాట చాలు నాకు. పిల్లని వెంటబెట్టుకుని తిన్నగా తాలింఖానాకి వెళ్లి, విన్నదంతా వస్తాదు ముందు పెట్టాను.

"మీ డాక్టరమ్మ ఎప్పుడైనా గోదాలో దిగిందా వదినా?" అన్నాడు.

"లేదు. నువ్వు దిగావుగా. చెమటకి పట్టు జారితే ఏం చేస్తావు?"

"మట్టి పూస్తాను."

"మరి దీని చేతికి పూశావా?"

ఊరందరి చేతులకూ మట్టి పూసిన మనిషి, నా మనవరాలి చెయ్యి తగలగానే పంచెకు తుడుచుకున్నాడు. అదే అన్నాను, మొహం మీదే అన్నాను.

వస్తాదు లేచి గోదాలోంచి గుప్పెడు ఎర్రమట్టి తీసి దాని అరచేతుల్లో పోశాడు. తన మణికట్టు చాపి, "పట్టుకో" అన్నాడు. పట్టుకుంది. లాగాడు, మెలితిప్పాడు, కాళ్లు తన్నిపెట్టి గుంజాడు. మట్టి ఆ చెమటలో మెదిగి పట్టు బిగిసిపోయింది.

"వదులు పోరీ, తిమ్మిరెక్కింది" అన్నాడు చివరికి. "వెళ్లి పేరు రాయించుకో."

జాతరలో ప్రాజక్తకు పోటీగా దిగిన సాంగ్లీ ఊరి పిల్ల దీనికంటే జానెడు పొడుగుంది. హల్గీ డప్పు మోగుతోంది. ఆనవాయితీ ప్రకారం ఇద్దరూ ఒకరి మీద ఒకరు మట్టి చల్లుకున్నారు. ఆ పిల్ల నా మనవరాలిని రెండుసార్లు గోదా అంచుదాకా నెట్టేసింది. నేను కళ్లు మూసుకున్నాను, సిగ్గెందుకు చెప్పడానికి. తెరిచేసరికి ప్రాజక్త దాని చీలమండ దొరకబుచ్చుకుంది. ఎంత తన్నుకున్నా వదల్లేదు. ఎత్తి వెల్లకిలా పడేసింది.

జనం లేచి నిలబడ్డారు. ప్రాజక్త వచ్చి వస్తాదు కాళ్లకు దణ్ణం పెట్టింది. ఆయన దాన్ని లేపి, మట్టితో నీళ్లోడుతున్న ఆ చెయ్యి అందుకుని, జాతర కోసం ఇస్త్రీ చేయించుకున్న తన తెల్లచొక్కా మీద, సరిగ్గా గుండెల దగ్గర అద్దుకున్నాడు. అయిదు వేళ్లూ ఎర్రగా పడ్డాయి.

ఆ చొక్కాతోనే బజారంతా తిరిగాడు. టీకొట్టు దగ్గర ఎవరో, "మరకైంది వస్తాద్, కడుక్కోరాదూ" అన్నారు.

"కళ్లు పెట్టుకుని చూడు" అన్నాడు. "అది నా శిష్యురాలి చెయ్యి."